ఈర్ష్యాసూయలు: అర్థభేద విచారము

ఆంగ్లమునందలి ‘ఎన్వీ’, ‘జెలసీ’ పదములకు రెంటికిని ‘అసూయ’ యనియే యర్థము చెప్పుట చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు పాఠశాలలలో సయితము పరిపాటియైనది. ఇది విచారణీయము.

మొదటిది యొరుల కలిమిఁ జూచి కలుగు తాపము. రెండవది తనదైన దాని నొరుఁ డపహరించునేమో యను శంక. మయసభలోఁ బాండవుల సిరిఁ గాంచిన దుర్యోధనునిది మొదటిది. 1604లోఁ బ్రదర్శితమైన షేక్స్పియరు నాటకమున డెస్డిమోనాను శంకించిన యొథెల్లోది రెండవది.

పాణిని (1-4-37) క్రోధ ద్రోహేర్ష్యాసూయలను వేఱువేఱుగాఁ బేర్కొని, కోపమునకు గుఱియైనవానికి సంప్రదానసంజ్ఞ విధించెను. అమరసింహుఁడును గాశికాకారులును ఈర్ష్య యనఁగా నోర్వమి యనియు, అసూయ యనఁగా గుణములందు దోషారోపణ మనియు వివరించిరి. కావున శిశుపాలుఁడు కృష్ణుని గుణములనే దోషములుగాఁ జెప్పుట యసూయ.

ఇంతకన్న సూక్ష్మాంశము క్రీ. శ. 7వ శతాబ్దపుఁ గాశికలోఁ గలదు. దేవదత్తునిపైఁ గోపముతోఁ గూడిన యీర్ష్యకుఁ జతుర్థి. భార్య నన్యుఁడు చూడరాదని భర్త యీర్ష్యపడునపుడు కోప మామెపైఁ గాదు గనుక ద్వితీయ. ఆంగ్లము రెండు పదములఁ జూపు భేదమును సంస్కృత మించుమించుగా రెండు విభక్తులఁ జూపినది.

తెలుఁగున నీ విభక్తిభేదము నిలువలేదు. ‘పొరుగువానిపై నీర్ష్య’, ‘భార్యపై నీర్ష్య’ యని రెండును ‘పై’తోడనే చెల్లుచున్నవి. కావున భేదమును బదమే తెలుపవలెను. అమరుఁ డన్యశుభద్వేషార్థమునఁ జెప్పిన ‘మత్సరము’ మొదటిదానికిని, ‘ఈర్ష్య’ రెండవదానికిని దగును. ‘అసూయ’ దోషారోపణకే యుండవలెను. లేనిచో బాలురు శంకచేఁ జంపిన యొథెల్లోను గుణద్వేషిగాఁ దలంతురు, నాటకహేతువే మాఱిపోవును.