చచ్చినా వెయ్యే: ఇంజను లేని కార్ల కథ

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా. కార్లలో కూడా అలాంటి ఏనుగులు కొన్ని ఉన్నాయి. కాకపోతే ఏనుగుకి దంతాలుంటాయి, వీటికి అవీ ఉండవు. మరి ఆ వెయ్యి దేనికిస్తున్నట్టు? అదే నా ప్రశ్న.

మామూలు కారు సంగతి మనందరికీ తెలుసు. ఇంజను సీజయిన బండిని అమ్మబోతే మెకానిక్ వేసే లెక్క ఒకటే. నడిచే కారు ధరలోంచి ఇంజను బాగుచేయించే ఖర్చు తీసెయ్. విప్పాక ఇంకేం బయటపడతాయో అన్న భయానికి మరికొంత తీసెయ్. మిగిలితే అది ధర, మిగలకపోతే పాత ఇనుము. చాలా స్పోర్ట్స్ కార్లకీ ఇదే లెక్క. పైగా వాటి ఇంజను ఖర్చెక్కువ కాబట్టి తీసివేత ఇంకా ఘోరంగా ఉంటుంది.

ఇప్పుడీ లెక్కని 1954 నాటి ఫెరారీ 500 మోండియల్ మీద వేసి చూడండి. ఇటలీలో అదే ఏడాది మిల్లే మిలియా రేసులో పరిగెత్తిన కారు. తర్వాత అమెరికా చేరింది, 1960లలో గుద్దుకుని కాలిపోయింది. నలిగి తుప్పుపట్టిన రేకుల ముద్ద మిగిలింది. దాని సొంత రెండు లీటర్ల ఇంజను లేదు, వేరే ఫెరారీ రకానికి చెందిన మూడు లీటర్ల ఇంజను జతగా ఇచ్చారు. ఛాసిస్ నంబరు పలక, అసలు గేర్‌బాక్సు మాత్రం ఉన్నాయి. 2023 ఆగస్టులో కాలిఫోర్నియా వేలంలో అది 18.75 లక్షల డాలర్లకి పోయింది. మన లెక్కలో పదిహేను కోట్ల పైమాటే!

డబ్బెక్కువై కొన్నారు అని కొట్టిపారేయొచ్చు. కానీ ఇదే తగువు 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. "ఓల్డ్ నంబర్ వన్" అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లోనూ 1930లోనూ లె మాన్స్ గెలిచింది. 1932లో దానికి ఎనిమిది లీటర్ల ఇంజను వేశారు. ఆ ఏడే బ్రూక్‌లాండ్స్‌లో ట్రాక్ మీంచి ఎగిరిపడి, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మళ్లీ కట్టారు, బాడీ మార్చారు, ఇంకోసారి మార్చారు. చివరికి కోటి పౌండ్లకి బేరం కుదిరాక, కొనేవాళ్లు "ఇది అసలు కారే కాదు" అని అడ్డం తిరిగారు.

వాళ్ల వాదనలో పస లేకపోలేదు. 1930లో గెలిచిన కారులోంచి మిగిలినవి గేర్‌బాక్సు డొక్కు, స్టీరింగ్ కాలమ్ లాంటి కొన్ని భాగాలే. అయినా జస్టిస్ ఆటన్ అమ్మినాయన వైపే తీర్పిచ్చారు. ఆయన తర్కం నాకు భలే నచ్చింది. గెలిచిన రోజున ఉన్న కారు ఇప్పుడు లేదు, నిజమే. కానీ ఈ కారు ఎప్పుడూ మాయమై మళ్లీ పుట్టలేదు. ఒక్కో ముక్కా మారుతూ, చరిత్ర తెగకుండా ఇక్కడిదాకా వచ్చింది. కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్.

మన భాషలో చెప్పాలంటే మొదటి రోజు రాసిన లైను ఒక్కటీ మిగలకపోయినా ప్రాజెక్టు అదే, ఎందుకంటే మార్పుల చిట్టా తెగలేదు. ఇంజను మళ్లీ పోతపోయొచ్చు, చిట్టాని పోతపోయలేం. ధర కట్టేది మళ్లీ తయారు చేయలేని దానికే.

అయితే ఇక్కడే ఒక ప్రమాదముంది. విలువంతా నంబరు పలకలోకి చేరిపోతే, దాని చుట్టూ కొత్త కారు కట్టేసి పాతదనొచ్చు. కాలిన ఫెరారీని పూర్తిగా బాగుచేస్తే జరిగేది దాదాపు అదే. బెంట్లీ తన జీవితమంతా మారుతూ వచ్చింది, ఇది ఒక్కసారిగా పునర్జన్మ ఎత్తాలి. రెండూ ఒకటేనంటే నేనొప్పుకోను.

అందుకే నాకు అన్నిటికన్నా నిజాయితీ గల కొనుగోలు ఇంకోటి. 1925 నాటి బుగాట్టి బ్రెషియా ఒకటి, సుంకం కట్టలేదని 1936లో స్విట్జర్లాండ్‌లోని మజోరే సరస్సులోకి తోసేశారు. 2009లో పైకి తీశారు. ఒక పక్కంతా తుప్పు తినేసింది, ఇక నడిచే ప్రశ్నే లేదు. 2010లో పారిస్ వేలంలో పీటర్ మల్లిన్ దాన్ని 2,60,500 యూరోలకి కొని, బాగుచేయించకుండా అలాగే తన మ్యూజియంలో పెట్టారు. కొన్నది కథే అని ఒప్పేసుకున్నట్టు!

కాబట్టి ఎవరైనా ఇంజను లేని స్పోర్ట్స్ కారు చూపించి "క్లాసిక్ సార్" అంటే, ముందు కాగితాలు అడగండి. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ ఏడు ఏం మారింది, ఎక్కడ తెగింది? చిట్టా నిండుగా ఉంటే వెయ్యి. లేకపోతే మెకానిక్ లెక్కే కరెక్టు.