అరుగు మీద లేసు

మధ్యాహ్నం రెండు దాటింది. నరసాపురం పక్కనే సీతారామపురం. పెంకుటింటి అరుగు మీద ఆడవాళ్లు కాస్త జరిగి మీకు చోటిచ్చారు. అంట్లు తోమడం అయిపోయింది, నలుగురి ఒళ్లోనూ తెల్లటి నూలు. ఎడమ చూపుడువేలికి చుట్టిన దారాన్ని కుడిచేతి సూది కొక్కెం లాగుతుంది, మెలేస్తుంది, మళ్లీ లాగుతుంది. మీ కన్ను ఒక ముడిని పట్టుకునేలోపు నాలుగు పడిపోతాయి. సూదివైపు ఎవరూ చూడరు. మాటలన్నీ పిల్లల ఫీజుల మీద, రొయ్యల చెరువుల మీద.

ఒకామె పువ్వులే అల్లుతుంది. పక్కామెది అతుకుపని, ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డ చేస్తుంది. అది ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీదికి వెళ్తుందో ఇద్దరికీ తెలియదు.

"ఖాళీగా కూర్చోవడం ఎందుకని అల్లుకుంటామండి" అంటుంది పెద్దావిడ. తెల్లవారకముందే లేచిన మనిషికి ఖాళీ ఎక్కడిది? తరాలుగా కూలి తక్కువగా ఉండిపోయింది ఇది తీరికవేళ పని అనే నమ్మకం వల్లే. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతంలోనే తిరిగి, 1982లో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి బయటపెట్టారు. ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లను గృహిణుల లెక్కలోనే వేశారు, ఎగుమతి లాభం వ్యాపారులకు పోయింది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా పేద క్రైస్తవ స్త్రీలకు అబ్బిన పని ఇది. తర్వాత గోషా పాటించే కాపుల ఇళ్లలోకీ వెళ్లింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు చూశారు, నిజమే. బజారు ధర వాళ్ల చెవిన పడకపోవడానికీ ఆ గడపే కారణం.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది ఎగుమతి పెట్టెల మీద ముద్రగా మిగిలిపోతే ఈ వేళ్లకు ఒరిగేదేమీ లేదు. రేటు అడిగే అధికారం ఈ అరుగు దాకా రావాలి.

ఏజెంటు బండి ఆగింది. బల్లగుడ్డ విప్పి, అంచు తిప్పి చూశాడు.

"పాత రేటేనమ్మా."

"కుదరదండి." అతుకుపని చేసే ఆమె గుడ్డను మడిచి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. పిల్లాడి నోటుపుస్తకం తెరిచింది. "దీనికి ఎవరం ఎన్ని పూటలు కూర్చున్నామో రాశాను, చూడండి. డబ్బులు కూడా ఎవరివి వాళ్ల ఖాతాలోనే వెయ్యాలి."

అతను పేజీ తిప్పాడు, తల గోక్కున్నాడు. "షావుకారుగారిని అడగాలమ్మా."

"ఫోను కలిపి ఇలా ఇవ్వండి. నేనే మాట్లాడతాను."