వ్రేలికొనల ఓదార్పు

ఏడ్చు బిడ్డను జోకొట్టని తల్లి లేదు. దుఃఖించువాని వెన్ను తట్టని మిత్రుడును లేడు. తట్టుటలో ఊరట కలదని మానవులు ఏనాడో ఎరుగుదురు. కాని దానిని ఒక చికిత్సగా రూపొందింపవలెనను యత్నము ఇటీవలిది. ఆ యత్నము చరిత్ర మన యింటి యువతీయువకుల క్షేమమునకు సంబంధించినది గనుక తెలిసికొనదగినది.

1980 ప్రాంతమున అమెరికాలో రోజర్ కాలహాన్ అను మనశ్శాస్త్రజ్ఞుని యొద్దకు, నీటిని చూచినంతనే భీతిల్లు స్త్రీ యొకతె చికిత్సకై వచ్చుచుండెను. ఏడాదికి పైగా శ్రమించినను ఫలము స్వల్పము. భయము తన కడుపులో తెలియుచున్నదని ఒకనాడామె చెప్పగా ఆయనకు చీనా వైద్యము స్ఫురించెను. దేహమందు ప్రాణశక్తి ప్రవహించు మార్గములు కలవనియు, ఉదరమునకు చెందిన మార్గము కంటిక్రింద మొదలగుననియు ఆ వైద్యుల విశ్వాసము. అచ్చట వ్రేలితో తట్టగా కొలది నిమిషములలో భయము తొలగి, ఆమె ఈతకొలను చెంతకు నడచెనని కాలహాన్ చెప్పెను.

ఆయన దీనికి 'థాట్ ఫీల్డ్ థెరపీ' అని పేరిడెను. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క వరుసలో తట్టవలెనని ఆయన నియమము. ఆయన యొద్ద నేర్చిన గేరీ క్రేగ్ అను ఇంజనీరు, 1990 దశకమున, బాధలన్నిటికిని ఒకే వరుస చాలునని సులభము చేసి, 'ఇమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్' అను పేర వ్యాప్తి చేసెను. తన బాధను తలచుకొని, దాని తీవ్రతకు 0 నుండి 10 లోపల ఒక అంకె నిచ్చి, అరచేతి అంచు, కనుబొమ, కంటిప్రక్క, ముక్కుక్రింద, గడ్డము మొదలగు చోట్ల మెల్లగా తట్టి, మరల అంకె వేసికొనుటయే ఇందలి విధానము.

1994లో ఆఫ్రికాలోని రువాండా దేశమున ఘోరమైన జాతిసంహారము జరిగెను. పండ్రెండేండ్ల తరువాతను దాని పీడకలలతో బాధపడుచున్న 50 మంది అనాథ బాలబాలికలకు ఈ చికిత్స ఒక్కమారు చేసిరి. పెంచువారి అంచనాలో తీవ్రబాధితులు నూటికి నూరు నుండి 6కు, పిల్లల స్వీయ అంచనాలో 72 నుండి 18కి తగ్గిరి. ఏడాది తరువాతను మేలు నిలిచెను. ఈ వృత్తాంతము 2010లో ప్రకటితమైనది. అయితే పోల్చిచూచుటకు చికిత్స పొందని మరియొక బృందము అందు లేదు.

పోల్చి చూచిన పరీక్ష 2003లో కెనడా నుండి వెలువడెను. 119 మంది విద్యార్థులను నాలుగు బృందములుగా విభజించిరి. ఒక బృందము చెప్పిన స్థానములందు, రెండవది చేతిపై వేరుచోట్ల, మూడవది ఒక బొమ్మపై తట్టినవి. నాలుగవది ఏమియు చేయలేదు. మొదటి మూడు బృందములకును భయము తగ్గినది, నాలుగవదానికి తగ్గలేదు! బొమ్మను తట్టినను ఫలము కలిగినచో, మహిమ మార్గములది కాదని తేలుచున్నది. భయమును నిర్భయముగా తలచుకొనుట, చేతికొక పని కల్పించి మనస్సును కుదుటపరచుట, ఫలించునను నమ్మిక—ఇవియే కారణములని పరీక్షకుల ఊహ. అంతకుముందే, 1999లో, కాలహాన్ పద్ధతి శిక్షణను వృత్తివిద్యగా లెక్కింపరాదని అమెరికా మనశ్శాస్త్ర సంఘము నిర్ణయించెను.

కావున పరీక్షకు ముందు గుండె దడదడలాడు కుమారుడు కంటిక్రింద తట్టుకొనినచో హాని లేదు, ఊరటయు కలుగవచ్చును. కాని నిద్రాహారములు మాని, ఎవరితోను పలుకక, బ్రదుకుపై విరక్తి చెందిన బిడ్డకు ఇది చాలదు. అట్టివారిని ఆలసింపక మానసిక వైద్యునికి చూపవలెను. ఘోరానుభవముల పాలైన పిల్లలకు 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన చికిత్సలలో ఈ తట్టుట లేదు. రువాండా పిల్లల ప్రక్కను ఆనాడు ఒక పెద్ద కూర్చుండి వారి బాధను వినెను. ఏ చికిత్సకైనను తొలిమెట్టు అదియే. అది ప్రతి యింటను సాధ్యమే.