రాయిగిరి రాయి చెప్పిన పాఠం

మా కల్వకుర్తి గుండ్లను ఎవరో పేర్చారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు పగుళ్ల వెంట ఎండకు, వానకు అరిగి అలా మిగిలిందని ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఉలి కూడా రాతి స్వభావాన్ని చూసుకునే నడవాలి.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడు అందుకు సాక్షి. అప్పటి నల్లగొండ జిల్లా రాయిగిరి గ్రానైటులో గణపతి స్థపతి బృందం మలచిన ఏకశిల అది. 1990 మార్చి 10న బార్జి ఒరిగి విగ్రహం మునిగింది, పలువురు మరణించారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్నా రాయి చెక్కుచెదరలేదు. 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

మిత్రులారా, ట్యాంక్‌బండ్ మీద నిలబడినప్పుడు కొండకు, శిల్పికి దండం పెట్టండి. ఆ కార్మికులను కూడా ఒక్కసారి తలచుకోండి.