వాడుక తీరిన రైలు పెట్టెలు: చాదర్‌ఘాట్ పరిసరాల నుంచి ఒక పరిశీలన

పరిచయం

రైల్వేల చరిత్రను మన పాఠ్యగ్రంథాలు ఎక్కువగా ప్రారంభోత్సవాల చరిత్రగానే రాశాయి. 1853లో బొంబాయి–ఠాణే, 1874లో వాడి–సికింద్రాబాద్, 1889లో బెజవాడ. ఏ మార్గాన్ని ఏ సంవత్సరంలో తెరిచారో గుర్తుంటే చాలన్నట్టు ఉంటుంది. ఆ పట్టాల మీద పాతికేళ్లు తిరిగిన పెట్టెలు తర్వాత ఏమయ్యాయన్న ప్రశ్న పరీక్షల్లో రాదు కనుక ఎవరూ అడగరు. ఈ భాగంలో ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాం. రైలు పెట్టె ప్రజాధనంతో తయారైన వస్తువు. దాని పని అయిపోయాక దాన్ని ఎవరికి, ఏ షరతులతో ఇవ్వాలన్నది ఆర్థిక చరిత్రకూ పరిపాలనా చరిత్రకూ సంబంధించిన విషయం. ఉదాహరణగా చాదర్‌ఘాట్, కాచిగూడ ప్రాంతాన్ని తీసుకుందాం. అక్కడ నాలుగేళ్ల వ్యవధిలోనే పాత పెట్టెలకు రెండు భిన్నమైన ఉపయోగాలు ఏర్పడ్డాయి.

1. చాదర్‌ఘాట్, రైలు, ఒక ఒప్పందం

నేడు చాదర్‌ఘాట్ అంటే మూసీ వంతెన, దాని దగ్గరి చౌరస్తా గుర్తుకు వస్తాయి. 19వ శతాబ్దంలో ఆ పేరు పరిధి ఇంతకంటే చాలా పెద్దది. మూసీకి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన శివారు ప్రాంతమంతా చాదర్‌ఘాటే. నేటి కోఠీ, సుల్తాన్ బజార్, ఆబిడ్స్ అందులోవే. కొత్త ఉద్యోగులు, ఇంగ్లీషు చదువుకున్నవారు, వర్తకులు స్థిరపడిన ప్రాంతం అది. నాంపల్లి స్టేషన్ 1907లో, కాచిగూడ స్టేషన్ 1916లో వచ్చి ఈ ప్రాంతాన్ని రెండు వైపుల నుంచీ రైలుకు దగ్గర చేశాయి.

రైలు గురించి హైదరాబాద్‌లో తొలి ప్రజా వివాదం పుట్టింది కూడా ఈ చదువుకున్న వర్గంలోనే. 1883లో నిజాం ప్రభుత్వం రైలుమార్గాన్ని చాందా వైపు విస్తరించేందుకు లండన్ పెట్టుబడిదారులతో ఒప్పందానికి సిద్ధపడింది. పెట్టుబడి వారిది, దాని మీద వడ్డీకి హామీ రాజ్యానిది. షరతులు బయటపెట్టాలనీ, వాటిని చర్చించడానికి వ్యవధి ఇవ్వాలనీ అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారు కోరారు. వారు రైలును వ్యతిరేకించలేదు. వారు అడిగింది లెక్క మాత్రమే. అయినా ఆ ఏడాది మే నెలలో అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి రాజ్యం నుంచే పంపివేశారు. ఆయన తర్వాత తిరిగి వచ్చారు. ఆబిడ్స్‌లోని ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ ఆ కుటుంబం నివసించిన ఇల్లే. సరోజినీ నాయుడు ఆయన కుమార్తె.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న మాటకు అర్థం ఈ హామీయే. కంపెనీ చేతిలోని రైల్వేను 1930లో రాజ్యం స్వాధీనం చేసుకుంది. 1950లో అది భారత రైల్వేలో భాగమైంది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఈ క్రమాన్ని మీరు వేరే యూనిట్లలో వివరంగా చదువుతారు. షరతులు ఏమిటని 1883లో అడిగిన ప్రశ్నను మాత్రం గుర్తుంచుకోండి. ఈ పాఠంలో అది మళ్లీ వస్తుంది.

2. ఎవరూ ముచ్చటపడని పెట్టె

రాజుల సెలూన్లకు వాడుక తీరాక కూడా గౌరవం దక్కింది. కొన్ని మ్యూజియానికి చేరాయి. 1982 జనవరి 26న మొదలైన ‘ప్యాలెస్ ఆన్ వీల్స్’ తొలినాళ్లలో మాజీ సంస్థానాధీశుల పెట్టెలతోనే నడిచింది. మామూలు ప్రయాణికుల పెట్టెకు అలాంటి యోగం లేదు. మూడో తరగతి పెట్టెల్లోని ఇరుకును, మురికిని గురించి గాంధీ 1917లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. మూడో తరగతి అన్న పేరు 1974 దాకా కొనసాగింది. పేరు పోయిన తర్వాత కూడా చెక్క బల్లలు చాలాకాలం పోలేదు.

స్వాతంత్ర్యానంతరం మన ప్రయాణాలను మోసింది మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పెట్టె. 1955లో ఆ కర్మాగారం ప్రారంభమైంది. దాని ఉక్కు పెట్టె సుమారు 21 మీటర్ల పొడవు, మూడుంపావు మీటర్ల వెడల్పు ఉంటుంది. స్లీపర్ పెట్టె అయితే 72 పడకలు. దానికి నిర్ణయించిన ఆయుర్దాయం సాధారణంగా 25 ఏళ్లు. ప్రమాదాల్లో ఒక పెట్టె మరో పెట్టె మీదికి ఎక్కడం దీని పెద్ద లోపం. అందుకే జర్మన్ నమూనా అయిన ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు రైల్వే మారింది. పాత నమూనాలో చివరి పెట్టె 2018 జనవరిలో తయారైంది. అప్పటి నుంచి ఏటా పెద్ద సంఖ్యలో పాత పెట్టెలు పక్కకు తప్పుకుంటున్నాయి. అంతకుముందు 1992లో మొదలైన గేజ్ మార్పిడితో మీటర్‌గేజ్ పెట్టెలకూ ఇదే జరిగింది. కాచిగూడ కూడా ఒకప్పుడు మీటర్‌గేజ్ స్టేషనే.

ఇక్కడ ఒక సవరణ అవసరం. ‘ఎవరూ ముచ్చటపడని’ అన్నది చూసేవారి మాట, ఎక్కేవారి మాట కాదు. కూరగాయల బుట్టతో, పాల క్యాన్లతో వచ్చేవారికి ఆగి ఆగి నడిచే ప్యాసింజర్ బండి జీవనాధారం. కోవిడ్ తర్వాత అలాంటి బండ్లను ఎక్స్‌ప్రెస్ పేరుతో నడిపినప్పుడు కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 రూపాయలకు చేరింది. 2024 ఫిబ్రవరిలో గాని మళ్లీ 10 కాలేదు. పెట్టె పాతదైతే తీసేయవచ్చు, కాని ఆ పెట్టె చేసిన సేవ పాతబడిందని అనలేం. రెండింటినీ కలిపేయడం ఈ విషయం మీద రాసేవారు తరచూ చేసే పొరపాటు.

వాడుక తీరిన పెట్టెల్లో చాలావాటి గతి నిశ్శబ్దంగా ముగుస్తుంది. కొన్ని ట్రాక్ పనివారి నివాస పెట్టెలవుతాయి. కొన్ని ప్రమాద సహాయ రైళ్లలో చేరతాయి. మరికొన్నింటికి కిటికీలు మూసి, సీట్లు పీకి, చివర తలుపులు పెట్టి కార్లు, ఆటోలు తరలించే బండ్లుగా మారుస్తారు. మిగిలినవి వేలంలో తుక్కుగా పోతాయి. తుక్కు ధర తెలిసిన వస్తువు కనుక ఉచితంగా ఇచ్చే ప్రతి పెట్టె రైల్వేకు లెక్కలో నష్టమే. సామాజిక వినియోగం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని దాటవేయకూడదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
(అ) 1883 వివాదంలో అఘోరనాథ్ బృందం కోరినదేమిటి?
(ఆ) పెట్టె పాతబడటానికి, సేవ పాతబడటానికి తేడాను ఒక ఉదాహరణతో రాయండి.

3. 2020: పెట్టె ఆసుపత్రి అయినప్పుడు

2020 వసంతంలో కోవిడ్ వ్యాపించినప్పుడు దేశంలో పడకలు చాలవన్న భయం కలిగింది. అప్పటికే రైళ్లు ఆగిపోయాయి. రైల్వే తన పాత నాన్ ఏసీ పెట్టెల్లో 5,231 పెట్టెలను ఐసొలేషన్ వార్డులుగా మార్చింది. దక్షిణ మధ్య రైల్వే వాటా 486. మధ్య పడకలు తీసేశారు. ఒక మరుగుదొడ్డిని స్నానపుగదిగా మార్చారు. కిటికీలకు దోమతెరలు బిగించారు. మొదటి కేబిన్‌ను వైద్య సిబ్బందికి కేటాయించి తెర కట్టారు. మిగిలిన ఒక్కో కేబిన్‌లో ఇద్దరు చొప్పున పెట్టెకు 16 మంది రోగులన్నది లెక్క. 1893 నుంచి పనిచేస్తున్న లాలాగూడ వర్క్‌షాప్ వంటి చోట్ల కార్మికులు లాక్‌డౌన్‌లోనే ఈ పని చేశారు. దానికి తగిన గుర్తింపు వచ్చిందని చెప్పలేం.

ఆ జూన్‌లో తెలంగాణకు 60 పెట్టెలు కేటాయించారు. వాటిని నిలపడానికి ఎంచుకున్న మూడు చోట్లు సికింద్రాబాద్, కాచిగూడ, ఆదిలాబాద్. చాదర్‌ఘాట్‌కు దగ్గరలోని స్టేషన్ ఆ విధంగా ఆసుపత్రి పటంలోకి వచ్చింది. అయితే దేశం మొత్తం మీద ఈ పెట్టెల వాడకం పరిమితంగానే జరిగింది. రెండో విడతలో, 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని నందుర్‌బార్ వంటి జిల్లాల్లో నిజంగా రోగులు వీటిలో ఉన్నారు. అది ఆసుపత్రులు తక్కువగా ఉన్న ఆదివాసీ ప్రాంతం. అక్కడ రైలు పెట్టె అక్కరకు వచ్చింది. పెద్ద నగరాల్లో హోటళ్లు, స్టేడియాలు అందుబాటులో ఉండగా ఎండలో కాలే ఇనుప పెట్టెను ఎవరూ మొదట ఎంచుకోరు. వేడి తగ్గించడానికి పైకప్పు మీద కవర్లు, లోపల కూలర్లు పెట్టి చూశారు. మే నెల తెలంగాణ ఎండను ఎరిగినవారికి ఆ ప్రయత్నంలోని కష్టం వివరించనక్కరలేదు.

ఈ ప్రయోగం విఫలమైందని తేల్చేయడం తొందరపాటు. కరువుకు ముందే గింజలు దాచిపెట్టడం వంటిదే ఇది. గింజలు మిగిలిపోతే దాచడం తప్పని ఎవరూ అనరు. పెట్టెలను ఏ ఊరికి పంపాలన్న నిర్ణయంలో మాత్రం లోపం ఉంది. పెట్టె అవసరమైనది సికింద్రాబాద్ కంటే ఆదిలాబాద్‌కు అన్నది నా అభిప్రాయం.

4. 2023: పెట్టె హోటల్ అయినప్పుడు

2020 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్ స్టేషన్‌లో రెండు పాత మెము పెట్టెలను భోజనశాలగా మార్చారు. తర్వాత ఈ పద్ధతి చాలా జోన్లకు పాకింది. కాచిగూడ స్టేషన్ ఆవరణలో 2023లో రెండు పాత పెట్టెలతో ఇలాంటి ‘చక్రాల మీద భోజనశాల’ తెరిచారు. నిర్వహణ ప్రైవేటు లైసెన్సుదారుది, రుసుము రైల్వేది. టికెట్లు కాకుండా ఇతర మార్గాల ద్వారా ఆదాయం పెంచుకునే విధానంలో ఇది భాగం.

దీనిలో తప్పు పట్టవలసింది పెద్దగా లేదు. తుక్కు కావలసిన పెట్టె నిలిచింది, రైల్వేకు ఆదాయం వచ్చింది, ఒకసారి రైలు పెట్టెలో కూర్చుని తినాలన్న పిల్లల సరదా తీరింది. అయితే దీన్ని ‘సామాజిక వినియోగం’ అనడం సరికాదు. స్టేషన్ బయట ఇడ్లీ బండి దగ్గర తినే ప్రయాణికుడు ఆ పెట్టెలోకి వెళ్లడు. ఒకప్పుడు ఆ పెట్టెలో జనరల్ టికెట్ మీద నిలబడి వచ్చినవాడు అతడే కావచ్చు.

5. మరో దారి ఉందా?

ఉంది, ఉదాహరణలు దూరంలో కూడా లేవు. మైసూరులో 2020లో అశోకపురం రైల్వే వర్క్‌షాప్ సిబ్బంది రెండు పాత పెట్టెలను పక్కనున్న ప్రభుత్వ కన్నడ పాఠశాలకు తరగతి గదులుగా మార్చి ఇచ్చారు. అంతకు చాలా ముందే, 1991 జూలై 16న, ‘జీవన్‌రేఖ’ అన్న ఆసుపత్రి రైలు బొంబాయి నుంచి ఖలారీకి (నేటి జార్ఖండ్) బయలుదేరింది. ఇంపాక్ట్ ఇండియా ఫౌండేషన్, రైల్వే కలిసి దాన్ని నడిపాయి. శుక్లాల శస్త్రచికిత్స, గ్రహణం మొర్రి, పోలియో వైకల్యం వంటి వాటికి ఊరి దగ్గరికే వైద్యులు వచ్చారు. ఇది కదిలే పెట్టె కావడమే దీని బలం. కాచిగూడ పెట్టెకు చక్రాలున్నా అవి తిరగవు.

బ్రిటన్ అనుభవం ఇంకో విధమైనది. అక్కడ 1980లలో ఖర్చు తగ్గించడానికి బస్సు భాగాలను సరుకు వ్యాగన్ చట్రం మీద అమర్చి ‘పేసర్’ అనే రైళ్లు చేశారు. కుదుపులకు, చప్పుడుకు అవి అపఖ్యాతి పాలయ్యాయి. ఉత్తర ఇంగ్లండ్ ప్రయాణికులకు అవి తమ ప్రాంతం పట్ల ప్రభుత్వ నిర్లక్ష్యానికి గుర్తుగా కనిపించేవి. వాటిని తొలగించే సమయంలో, 2019లో, ప్రభుత్వం ప్రజలనే అడిగింది: ఈ పెట్టెతో మీ ఊళ్లో ఏం చేస్తారో ప్రతిపాదన పంపండి. ఒక పాఠశాల, ఒక ఆసుపత్రి, మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఎంపికయ్యాయి. తొలగించిన పేసర్లతో పోలిస్తే ఇవి అతి కొద్ది, మిగిలినవాటిలో చాలావరకు తుక్కే అయ్యాయి. మనం గమనించవలసింది సంఖ్యను కాదు, పద్ధతిని: ఏం చేయాలో ముందు వాడుకునేవారిని అడిగారు.

అడగడం తేలికే, నిలుపుకోవడమే కష్టం. దాదాపు 37 టన్నుల పెట్టెను స్టేషన్ నుంచి బస్తీకి తేవాలంటే క్రేన్, పొడవాటి ట్రైలర్, మలుపు తిరిగేంత వెడల్పు రోడ్డు కావాలి. చాదర్‌ఘాట్, మలక్‌పేట సందుల్లో అది కుదరని పని. ప్లాట్‌ఫారం లేని చోట తలుపు మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. ముసలివారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి వాలు బాట కట్టాలి. వేడి సంగతి ముందే చూశాం. తుప్పు ఆపడానికి ఏటా రంగు, పైకప్పు మరమ్మతు అవసరం. ఈ ఖర్చు ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తేలకపోతే గ్రంథాలయ పెట్టె మూడో వానాకాలానికల్లా తాళం పడ్డ పెట్టె అవుతుంది. పుణేలో వాడుక తీరిన బస్సులను మహిళల మరుగుదొడ్లుగా మార్చిన ప్రయోగంలో ప్రతి బస్సుకూ రోజూ చూసుకునే మనిషిని పెట్టారు. పేరు తెచ్చింది బస్సే అయినా దాన్ని నిలిపింది ఆ మనిషి.

కనుక కాచిగూడ వంటి చోట తేలిక మార్గం పెట్టెను కదల్చకపోవడమే. స్టేషన్ ఆవరణలో, పట్టాల మీదే, విద్యుత్తు, నీరు ఉన్న చోట ఉంచి, వేళల్లో కొంత భాగాన్ని సామాజిక పనికి కేటాయించవచ్చు. తెల్లవారుజామున దిగే కూలీలకు విశ్రాంతి గది, రాత్రి బండి కోసం వేచి ఉండే పరీక్షార్థులకు చదువు గది, పాలిచ్చే తల్లులకు చోటు. ఇవన్నీ లైసెన్సులో ఒక షరతుగా రాయగల విషయాలు. రాశారా లేదా అన్నది ఒప్పందం చూస్తేనే తెలుస్తుంది. 1883లో షరతులు అడిగినవారిని రాజ్యం దాటించారు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అదే ప్రశ్న అడగడానికి దరఖాస్తు రుసుము 10 రూపాయలు.

అభ్యాసం

మీకు దగ్గరలోని స్టేషన్‌లో, యార్డులో లేదా వర్క్‌షాప్ వెలుపల కనిపించే వాడుకలో లేని పెట్టెను ఒకదాన్ని ఎంచుకోండి. పెట్టె మీద రాసి ఉండే సంఖ్యలో మొదటి రెండు అంకెలు సాధారణంగా అది తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. దాన్ని బట్టి వయసు లెక్కించండి. స్టేషన్‌లో చాలాకాలంగా పనిచేసిన పోర్టరును గాని, టీ అమ్మేవారిని గాని అది ఏ బండిలో నడిచిందో, ఎవరు ఎక్కేవారో అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. ఆ పెట్టె మీ ఊరికి వస్తే ఎక్కడ పెట్టాలో, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో రెండు పేజీల్లో ప్రతిపాదించండి.