నల్లరంగు లేని శుభలేఖ

పెడనలో అద్దకం పని చేసుకునే ఓ ఇంట్లో 2025 మాఘమాసంలో జరిగిన పెళ్లి ఇది. ఆ ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

“ఒక్కోటి పాతిక రూపాయలండీ. అయిదొందలు తీసుకుంటే పన్నెండు వేల అయిదొందలు.”

మచిలీపట్నంలో కార్డుల షాపు. నగిషీలు, బంగారు రంగు వినాయకుడు, లోపల మడతలు. పెళ్లికూతురి తండ్రి కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, “రేపు చెబుతాం” అని లేచాడు. బస్సులో చిన్నకూతురు ఊరుకోలేదు.

“ఇంటి నిండా అచ్చులు పెట్టుకుని కార్డులు కొనడమేంటి నాన్నా?”

“అవి గుడ్డ మీద అద్దేవి. కాగితం మీద కాదు.”

“అద్దితే ఏమవుద్ది?”

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్లుగా కలంకారీ అద్దకంలో ఉన్న మనిషి. ఎవరెవరి చీరల మీదో, దుప్పట్ల మీదో లతలూ నెమళ్లూ అద్దాడు. సొంత ఇంట్లో శుభకార్యానికి ఏదైనా అద్దుకోవచ్చని ఆయనకి తట్టలేదు.

నలుపు తెచ్చిన తంటా

మర్నాడు తండ్రి పనికి వెళ్లగానే చిన్నమ్మాయి అటక మీది మూట దింపింది. అంచులు అరిగి పక్కన పడేసిన టేకు అచ్చులు. వాటిలో అంగుళం వెడల్పున్న లత అచ్చు ఒకటి బాగానే ఉంది. పెడనలో నల్లరంగు ఎలా వస్తుందో ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ తెలుసు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ నీళ్లు తగిలితే నల్లబడుతుంది. గుడ్డ బదులు మందపాటి కాగితానికి కరక్కాయ నీళ్లు పూసింది. ఆరాక అచ్చు అద్దింది. లేతగా పడిన లత చూస్తుండగానే నల్లగా తేలింది.

“అక్కా, చూడవే!”

పెళ్లికూతురు మురిసిపోయింది. సాయంత్రం వచ్చిన మేనత్త మురిసిపోలేదు.

“శుభలేఖకి నలుపా? మీకు మతులుగానీ పోయాయా? మగపెళ్లివారి చేతిలో పెడితే ఏమంటారు? ఒరే తమ్ముడూ, నువ్వైనా చెప్పవేంరా?”

తండ్రి కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూశాడు. “అద్దకం బాగుంది. రంగు మార్చండి,” అన్నాడు. పని ఆపమనలేదని చిన్నమ్మాయి గమనించింది.

ఎరుపు కావాలి. గుడ్డ మీదైతే పటిక అద్ది, రంగు నీళ్లలో ఉడకబెడితే ఎరుపు తేలుతుంది. కాగితాన్ని ఉడకబెట్టలేం. పసుపులో సున్నం కలిపి పారాణిలా చేసి అద్దింది. తడి మీద నిగనిగలాడింది, ఆరేసరికి ఇటుకపొడి రంగుకి దిగింది. ఎండ తగిలేచోట పెట్టిన కార్డు ఇంకా వెలిసిపోయింది. చివరికి బజారుకెళ్లి కుంకుమ రంగు పోస్టర్ కలర్ సీసాలు తెచ్చుకుంది. కలంకారీ ఇంట్లో కొన్న రంగు వాడటానికి ఆ పిల్లకి మనసొప్పలేదు గానీ, కాగితానికి అదే సరిపోయింది.

తండ్రి అప్పుడు పక్కన కూర్చున్నాడు.

“జారుగా ఉంటే కాగితం తాగేస్తుంది. చిక్కగా ఉంటే అచ్చులో సందులు పూడిపోతాయి. తుమ్మజిగురు కలుపు.” గిన్నెలో రంగు మీద వేలు పెట్టి, బొటనవేలితో నలిపి చూశాడు. “ఇప్పుడు అద్దు. గుడ్డకి గుద్దినట్టు గుద్దకు. పెట్టు, అరచేత్తో నొక్కు, నిలువునా లేపు.”

బల్ల మీద మందపాటి గోనెపట్టాల పరుపు తీసేసి, పాత దుప్పటి ఒక్క మడత పరిచాడు. రెండు చెక్క స్కేళ్లని మూలమట్టంగా మేకులతో కొట్టాడు. కార్డు ఆ మూలకి ఆనిస్తే లత ప్రతిసారీ ఒక్కచోటే పడుతుంది.

చదివింపుల పుస్తకం

అసలు బేరం ఆ రాత్రి జరిగింది. అయిదొందల కార్డులు ఎవరెవరికని తల్లి అడిగింది. ఎవరి దగ్గరా లెక్క లేదు. ఆవిడ బీరువాలోంచి పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్ నాటి చదివింపుల పుస్తకం తీసింది. దాన్ని ముందేసుకుని ఇంటికొక్క కార్డు చొప్పున రాసుకుంటూ పోయారు.

“ఊళ్లోవాళ్లకి కార్డులెందుకండీ? గడప గడపకీ వెళ్లి బొట్టు పెట్టి పిలుస్తాంగా,” అంది తల్లి.

ఆ మాటతో జాబితా సగానికి దిగింది. పై ఊళ్లవాళ్లు, మగపెళ్లివారికి ఇవ్వాల్సినవి, దేవుడి దగ్గర పెట్టే మొదటిది కలిపి 250.

ఏ4 అట్టకాగితాన్ని రెండు ముక్కలు చేస్తే రెండు కార్డులు. పాడయ్యేవి పోనూ అని 140 షీట్లు కొన్నారు, 280 కార్డులకి. అచ్చువేసే విషయం స్క్రీన్ ప్రింటింగ్‌కిచ్చారు. అద్దకం ముందా, ప్రింటింగ్ ముందా అని తర్జనభర్జన. రంగు తడికి కాగితం కాస్త వంపు తిరుగుతుంది, ఆ కార్డుల మీద స్క్రీన్ సరిగా ఆనదని అచ్చాపీసాయన చెప్పడంతో ప్రింటింగ్ ముందు వేయించారు. రెండు పక్కలా లతకి అంగుళం పైగా జాగా వదిలి, మధ్యలో అక్షరాలు.

ప్రూఫు చూసింది మేనత్తే. కళ్లజోడు సర్దుకుని, వేలితో ఒక్కో వరుసా చదువుతూ ఆగిపోయింది.

“ముహూర్తం గురువారం రాత్రి రెండుంబావుకి కదరా! ఇక్కడ గురువారం తారీఖు వేసి ‘ఉదయం’ అన్నాడేంటి? చుట్టాలంతా ఒకరోజు ముందే దిగిపోతారు!”

పంచాంగం లెక్కలో తెల్లవారేదాకా గురువారమే. క్యాలెండరులో అర్ధరాత్రి దాటితే శుక్రవారం. టైపు చేసిన కుర్రాడు ఈ రెంటినీ కలిపేశాడు. ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని దిద్ది, రెండు తారీఖులూ వేయించారు. నలుపు వద్దన్నందుకు అత్త మీద అలిగిన చిన్నమ్మాయి ఆవిడకి స్వయంగా టీ పెట్టి ఇచ్చింది.

కార్డు బరువు ఎనిమిది గ్రాములు కూడా లేదు. కవరుతో కలిపి ఇరవై లోపే. దూరపు చుట్టాలకి అయిదు రూపాయల స్టాంపుతో మామూలు పోస్టులో పోయాయి. బరువైన కార్డైతే ఒక్క స్టాంపుతో పోయేవి కావు.

తెర

నాలుగు మూలలా పసుపు రాసిన కార్డులు పట్టుకుని గుడివాడ వియ్యాలవారింటికి వెళ్లినరోజు తండ్రి దారంతా ముళ్లమీద ఉన్నట్టే ఉన్నాడు. వియ్యపురాలు కార్డు మీద లతని వేలితో తడిమింది.

“ఎక్కడ వేయించారు అన్నయ్యగారూ?”

“మా చిన్నది అద్దిందమ్మా.”

“మా పుట్టింటివాళ్లకి ఓ పదిహేను ఎక్కువ కావాలి. ఉన్నాయా?”

పాడవుతాయని కొన్నవాటిలో మిగిలినవి అక్కడ పనికొచ్చాయి.

ఇంటికొచ్చాక ఆయన ఎవరికీ చెప్పకుండా రెండు గజాల తెల్లగుడ్డ కరక్కాయలో ముంచాడు. ఆరాక పటిక అద్ది, ఉతికి, కాగులో ఉడకబెట్టాడు. వంపులు తిరిగిన ఎర్రలత, మధ్యలో శంఖం, చక్రం. నల్లగీత ఒక్కటీ లేదు. జీలకర్రా బెల్లం వేళ వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర అది. పందిట్లో జనం పెళ్లికూతురికంటే ముందు తెరని చూశారని మేనత్త ఇప్పటికీ చెబుతుంది.

పందిరి సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. కొబ్బరి మట్టలు వీధివాళ్లు అల్లారు. గుమ్మానికి మామిడాకులు, రాటలకి అరటిచెట్లు. అద్దకంలో మరకపడి పక్కన పెట్టిన గుడ్డల్ని చీల్చి చుట్టూ వేలాడదీశారు. దండలు మాత్రం బజార్లో కొన్నారు. బంతిపూలు గుచ్చే పని ముందురోజు పెట్టుకుంటే వాడిపోతాయి, పెళ్లిరోజు పెట్టుకుంటే చేతులు చాలవు.

లెక్క

పెళ్లయ్యాక చిన్నమ్మాయి గొప్పగా లెక్క వేసింది. కాగితం 840, ప్రింటింగ్ 850, కవర్లు 500, రంగులూ జిగురూ 300. మొత్తం 2,490. షాపువాడు చెప్పింది 12,500.

“పదివేలు మిగిల్చాను నాన్నా!”

“నువ్వు కాదు, మీ అమ్మ,” అన్నాడాయన. “ఊళ్లోవాళ్లకి కార్డు వద్దన్నప్పుడే 6,250 మిగిలింది. నీ అద్దకం మిగిల్చింది 3,760. అందులో నీకూ, అక్కకీ, నాకూ కూలి కట్టావా?”

అమ్మాయి నోరు మెదపలేదు. కట్టి చూస్తే మిగిలేది పెద్దగా లేదు. చుట్టూ మనవాళ్లు కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ చేసిన పని కాబట్టి గిట్టింది. కూలికిస్తే షాపు కార్డుకీ దీనికీ తేడా ఎంతో ఉండదు. చేత్తో చేసుకోవాలనుకునేవాళ్లు ముందు జాబితా కుదించుకోవాలి, తర్వాత ఇంట్లో ఎన్ని చేతులున్నాయో చూసుకోవాలి, ఆ తర్వాతే కాగితం కొనాలి.

తర్వాతి ముహూర్తాలకి ఎదురింటివాళ్లు వచ్చారు. “మా పిల్లకి కూడా అలాంటివి వేసిపెట్టమ్మా. ఖర్చేం కాలేదటగా!”

చిన్నమ్మాయి నవ్వి, పుస్తకం తీసి కొత్తగా ఓ వరుస కలిపింది. కాగితం, ప్రింటింగ్, కవర్లు, రంగు. వాటి కింద, అన్నిటికంటే పెద్ద అంకెతో, అద్దకం కూలి.

“ఇది మాత్రం తగ్గించనండీ పిన్నిగారూ,” అంది.