ఒకే డిస్కుపై పది చేతులు

1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 రిజిస్ట్రేషన్ కార్యాలయాలు ఒకేసారి కంప్యూటర్లకు మారాయి. ఆ పథకానికి ‘కార్డ్’ అని పేరు. దాన్ని రూపొందించి నడిపించినవారు ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. అంతకు ముందు పొలం చేతులు మారితే దస్తావేజు లేఖరి రాసిన పత్రాన్ని కార్యాలయంలో లావాటి పుస్తకాల్లోకి మళ్లీ చేత్తో ఎక్కించేవారు. ఈసీ, అంటే భూమిపై ఉన్న లావాదేవీలను చూపే ధ్రువపత్రం కావాలంటే ఏళ్ల నాటి పుస్తకాలు దించి పేజీ పేజీ తిరగేయాలి. రైతు రోజుల తరబడి తిరగాల్సిన ఆ పని కార్డ్ వచ్చాక నిమిషాల్లోకి వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది చిన్న మార్పు కాదు. పత్తికీ మిరపకీ ఎకరాకు పెట్టుబడి ఎక్కువ. బ్యాంకు అప్పు పుట్టాలంటే భూమి కాగితం చేతిలో ఉండాలి.

ఆ కార్యాలయాల్లో ఏర్పాటు సాదాసీదాగా ఉండేది. కార్యాలయానికో సర్వర్, దానికి వైర్లతో కలిపిన కొన్ని కంప్యూటర్లు. దస్తావేజులన్నీ ఆ సర్వర్‌లోని డిస్కుల మీదే. సర్వర్ ఆగితే కార్యాలయం మొత్తం ఆగినట్టే. పక్కన ఇంకో సర్వర్ పెట్టుకుంటే సరిపోతుందిగా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సమాచారం ఉన్నది మొదటి సర్వర్ డిస్కులో. పోనీ, ఒకే డిస్కును రెండు సర్వర్లకూ తగిలిస్తే?

డిస్కు మీది సమాచారం పాడైపోతుంది. కంప్యూటర్ ప్రపంచానికి ఇది 1980ల నాటికే ఎదురైన చిక్కు. దాన్ని విప్పే ప్రయత్నాల్లోంచే, జట్టుగా పనిచేసే సర్వర్లు (క్లస్టర్) ఒకే డిస్కును పంచుకునే క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ పుట్టింది.

ఫైల్‌సిస్టమ్ అంటే డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో, ఏ జాగా ఖాళీగా ఉందో లెక్క చూసుకునే ఏర్పాటు. వేగం కోసం ఆ లెక్కలో కొంత భాగాన్ని సర్వర్ తన మెమరీలో ఉంచుకుంటుంది. సర్వర్ ఒక్కటే ఉన్నంతకాలం దీంతో ఇబ్బంది లేదు. రెండుంటే కథ వేరు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి ఒకే చిట్టా పుస్తకం, ఇద్దరు గుమస్తాలు ఉన్నారనుకుందాం. చివరి పద్దు ఎక్కడ పడిందో ఎవరికి వారే గుర్తుపెట్టుకుని, ఎదుటివాడు ఏం రాశాడో చూడకుండా కలం పెడితే, ఒకే గీత మీద ఒకరు తేజ రకం టిక్కీలు (బస్తాలు), ఇంకొకరు బాడిగ రకం టిక్కీలు రాసేస్తారు. పుస్తకం ఇప్పుడు ఎవరి చేతిలో ఉండాలో, చదవడానికా రాయడానికా అన్నది చెప్పే పెద్దమనిషి ఒకరు కావాలి. కంప్యూటర్ల భాషలో ఆ పెద్దమనిషే లాక్ మేనేజర్.

ఈ పద్ధతిని వ్యాపార స్థాయిలో మొదట గట్టిగా నిలబెట్టింది అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. 1983లో ఆ సంస్థ వ్యాక్స్‌క్లస్టర్‌ను ప్రకటించింది. 1984లో వచ్చిన తన ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్ 4వ వెర్షన్‌తో అది పూర్తి రూపం దిద్దుకుంది. అనేక యంత్రాలు ఒకే డిస్కుల సముదాయాన్ని పంచుకునేవి. లాక్ మేనేజర్ ఏ ఒక్క యంత్రంలోనూ కుదురుగా ఉండదు, అన్నింటిలోనూ విస్తరించి ఉంటుంది. అందువల్ల ఒకటి పోయినా మిగతావి దాని పనిని పంచుకోగలవు. తాళాలకు ఆరు స్థాయిలు పెట్టారు. ఇతరులు చదువుతుండగా తానూ చదవడం దగ్గర్నుంచి ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఒక్కరే వాడుకోవడం వరకు అన్ని మెట్లూ అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత లినక్స్‌లోకి వచ్చిన లాక్ మేనేజర్ కూడా ఆ ఆరు స్థాయిలనే ఉంచుకుంది. నలభై ఏళ్లుగా చెక్కుచెదరని ఆలోచన సాఫ్ట్‌వేర్ రంగంలో అరుదు కాబట్టి ఆ ఇంజనీర్లకు దక్కాల్సిన గౌరవం ఇంకా చాలానే ఉంది.

వీఎంఎస్ రూపకర్తల్లో ముఖ్యుడు డేవ్ కట్లర్. ఆయన 1988లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి విండోస్ ఎన్‌టీని నిర్మించారు. 1993లో అది విడుదలైంది. అయితే 1997లో మైక్రోసాఫ్ట్ తన మొదటి క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చినప్పుడు వీఎంఎస్ దారిని పట్టలేదు. డిస్కు రెండు సర్వర్లకూ తగిలించి ఉన్నా, ఒక సమయంలో దాని యజమాని ఒక్కటే. అది పడిపోతే రెండోది తీసుకుంటుంది. ఈ పద్ధతిలో గొడవ లేదు, పంచుకోవడమూ లేదు.

అంతకుముందే, 1980ల్లో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇంకో దారి తెరుచుకుంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఐబీఎంతో కలిసి చేపట్టిన ఆండ్రూ ప్రాజెక్టులో ఎం. సత్యనారాయణన్ తదితరులు ఆండ్రూ ఫైల్‌సిస్టమ్‌ను తయారుచేశారు.

క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ కథలో అసలు మలుపు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వచ్చింది. శాస్త్ర పరిశోధనల్లో పోగయ్యే భారీ సమాచారాన్ని అనేక కంప్యూటర్లు ఒకే డిస్కుల నుంచి నేరుగా చదివేందుకు 1990ల నడుమ మాథ్యూ ఓకీఫ్ బృందం గ్లోబల్ ఫైల్‌సిస్టమ్‌ను మొదలుపెట్టింది. దాన్నే జీఎఫ్‌ఎస్ అంటారు. మొదట సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల మీద నడిచింది, తర్వాత లినక్స్‌కు మారింది. ఇందులో ప్రతి సర్వర్‌కూ పంచుకున్న డిస్కు మీదే సొంత జర్నల్ ఉంటుంది. ఏ మార్పు చేయబోయినా ముందు అందులో రాసుకుంటుంది. ఆ సర్వర్ మధ్యలో కూలిపోతే ఇంకో సర్వర్ ఆ జర్నల్ చదివి, సగంలో ఆగిన పనిని సరిదిద్దుతుంది.

ఇక్కడే ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. కూలిపోయిందనుకున్న సర్వర్ నిజంగా కూలిపోయిందా? నెట్‌వర్క్ తీగ తెగి మాట వినపడకపోయినా, లోపల అది మామూలుగానే పనిచేస్తూ ఉండొచ్చు. మిగతావాళ్లు దాని జర్నల్‌ను సరిదిద్దుతుండగా అది మేలుకుని పాత లెక్క ప్రకారం డిస్కు మీద రాసిందంటే అందరి సమాచారమూ గల్లంతే. పూర్తిగా ఆగిన సర్వర్ కన్నా, ఆగిందో లేదో తెలియని సర్వర్‌తోనే ప్రమాదం ఎక్కువ. అందుకని ఫెన్సింగ్ అనే నియమం పెట్టారు. అనుమానం వచ్చిన సర్వర్‌కు ముందు కరెంటు తీసేయాలి, లేదా డిస్కు దారి మూసేయాలి. అది జరిగిందని ఖాయమయ్యాకే మిగతావి ముందుకు కదలాలి. ఆ నిర్ణయం తీసుకునే హక్కు కూడా మెజారిటీ ఓట్లు ఉన్న పక్షానికే. లేకపోతే రెండు పక్షాలూ ఒకదాని కరెంటు ఇంకొకటి తీసేస్తాయి. క్లస్టర్లు నడిపేవారిలో కొందరు తొందరలో ఈ ఫెన్సింగ్‌ను ఆపేసి పని కానిస్తుంటారు. క్లస్టర్‌కు అంతకన్నా పెద్ద కీడు లేదు.

జీఎఫ్‌ఎస్ జీవితం ఒడిదొడుకులతో సాగింది. దాన్ని తయారుచేసినవారు పెట్టిన సిస్టినా కంపెనీ 2001లో సోర్స్ కోడ్‌ను మూసేసింది. 2003 డిసెంబర్‌లో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని 3.1 కోట్ల డాలర్ల విలువైన షేర్లతో కొనడానికి ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాది కోడ్‌ను మళ్లీ అందరికీ తెరిచింది. ఈలోగా ఒరాకిల్ తయారుచేసిన ఓసీఎఫ్‌ఎస్2 ముందుకొచ్చింది. 2006 మార్చిలో విడుదలైన లినక్స్ 2.6.16లో అది చేరింది. అదే ఏడాది నవంబర్‌లో 2.6.19తో పాటు జీఎఫ్‌ఎస్2, లాక్ మేనేజర్ వచ్చాయి. అంతకుముందు ఎక్కువగా పెద్ద సంస్థలకే అందిన సౌకర్యం ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌తో పాటు ఉచితంగా చేతికొచ్చింది.

మైక్రోసాఫ్ట్ తన పాత పద్ధతిని 2009లో విండోస్ సర్వర్ 2008 ఆర్2తో సడలించింది. క్లస్టర్ షేర్డ్ వాల్యూమ్స్ అనే ఆ ఏర్పాటులో ఫైళ్ల పేర్లు, జాగా కేటాయింపు వంటి లెక్కలన్నీ ఒక సమన్వయ సర్వర్ చూస్తుంది. అసలు సమాచారాన్ని మాత్రం ప్రతి సర్వర్ డిస్కుతో నేరుగా మాట్లాడుకుని చదువుతుంది, రాస్తుంది. అప్పట్లో దీన్ని వర్చువల్ మెషీన్ల కోసమే అనుమతించారు.

2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సర్వర్ విభాగం బాధ్యతలు సత్య నాదెళ్లకు వచ్చాయి. ఆయన హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారు. నాదెళ్ల హయాంలో 2012 సెప్టెంబర్ 4న విండోస్ సర్వర్ 2012 విడుదలైంది. వందలాది ఇంజనీర్ల శ్రమ అది. స్టోరేజీ విషయంలో ఒక వెర్షన్ ఇన్ని మార్పులు ఒకేసారి తేవడం అరుదు. క్లస్టర్‌లో సర్వర్ల పరిమితి 16 నుంచి 64కు పెరిగింది. షేర్డ్ వాల్యూమ్స్ ఫైల్ సర్వర్లకూ పనికొచ్చేలా మారాయి. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్‌ఎంబీ 3.0 వల్ల ఒక సర్వర్ కూలినా, తెరిచి ఉన్న ఫైలు మూతపడకుండా పని ఇంకో సర్వర్ మీదికి మారేది. విడివిడి డిస్కులను ఒక రాశిగా పోసి కావలసినంత పంచుకునే స్టోరేజ్ స్పేసెస్ వచ్చింది. తన లెక్కలను తానే సరిచూసుకునే రీఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్‌సిస్టమ్ వచ్చింది.

వీటన్నింటికన్నా సామాన్య నిర్వాహకుడికి ఊరట ఇచ్చిన మార్పు ఇంకొకటి. పెద్ద డిస్కులో తేడా వస్తే, తప్పులు వెతికి దిద్దే చెక్‌డిస్క్ నడపడానికి గంటల తరబడి సర్వీసు ఆపాల్సి వచ్చేది. 2012 నుంచి తప్పులు వెతకడం డిస్కు వాడుకలో ఉండగానే జరుగుతుంది, దిద్దడానికి సెకన్లు చాలు.

ఇంతలో పునాదే మారిపోయింది. 2003లో గూగుల్ తన ఫైల్‌సిస్టమ్ గురించి ప్రచురించిన పత్రం ఖరీదైన ఉమ్మడి డిస్కు అవసరాన్నే పక్కన పెట్టింది. చవక యంత్రాల్లోని సొంత డిస్కుల్లోనే 64 మెగాబైట్ల ముక్కలుగా సమాచారాన్ని పెట్టి, ఒక్కో ముక్కకు మూడు ప్రతులు ఉంచింది. ఆనంద్ బాబు పెరియసామి బృందం గ్లస్టర్‌ను కట్టింది. ఏ ఫైలు ఏ యంత్రంలో ఉందో చెప్పే ప్రత్యేక సర్వర్ అందులో ఉండదు, ఫైలు పేరు మీద లెక్క కట్టి చోటు తేలుస్తుంది. 2011లో రెడ్ హ్యాట్ దాన్ని దాదాపు 13.6 కోట్ల డాలర్లకు కొన్నది. కాలిఫోర్నియాలో సేజ్ వీల్ పరిశోధనగా మొదలైన సెఫ్ 2010లో లినక్స్ కెర్నెల్‌లోకి చేరింది. 2016లో విండోస్ సర్వర్ కూడా స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్‌తో ఇదే దారికొచ్చింది.

పాతవి నెమ్మదిగా వైదొలుగుతున్నాయి. గ్లస్టర్‌ను రెడ్ హ్యాట్ అమ్మిన రూపంలో మద్దతు 2024 చివరికి ముగిసింది. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో జీఎఫ్‌ఎస్2కు చోటు దక్కలేదు. ఒక ఫైల్‌సిస్టమ్ ఇరవై ఏళ్లు నిలిస్తే గొప్ప. మన దస్తావేజు అలా కాదు. తాత కొన్న పొలం కాగితం మనవడి వాటాల నాడు కావాలి. 1998లో కార్డ్‌లో ఎక్కిన పద్దు 2050లోనూ అక్షరం చెడకుండా దొరకాలి. అంటే ప్రభుత్వ సమాచారం ఒక ఫైల్‌సిస్టమ్ నుంచి మరొకదానికి తరం తరానికీ జాగ్రత్తగా మారుతూనే ఉండాలి. దీనికి బడ్జెట్‌లో ప్రతి ఏడాదీ పద్దు ఉండాలి.

రిజిస్ట్రేషన్ ఒక్కటే కాదు, రైతు పనులు ఇంకెన్నో సర్వర్ల మీదికి చేరాయి. 2015లో భూమి రికార్డుల కోసం మీభూమి పోర్టల్ వచ్చింది, 2016లో పంటల ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ మొదలైంది. 2025లో కాటన్ కార్పొరేషన్‌కు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాల్సి వచ్చింది. సర్వర్ నిలిస్తే బండి నిలుస్తుంది. కాబట్టి క్లస్టర్లు తప్పనిసరి. అయితే క్లస్టర్ కాపాడేది సర్వర్ చావు నుంచే. ఎవరైనా పొరపాటున ఫైలు చెరిపితే మూడు ప్రతుల్లోనూ అది చెరిగిపోతుంది. భవనం కాలితే అందులోని ప్రతులన్నీ కాలతాయి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో భూముల దస్త్రాలు మంటల్లో పోయాయి. అవి కాగితాలు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ అంటుకున్నప్పుడు ఉద్యోగుల ఉమ్మడి స్టోరేజీ 858 టెరాబైట్లు బూడిదైంది. పరిమాణం చాలా పెద్దదని దానికి వేరేచోట ప్రతి ఉంచలేదు.

రిజిస్ట్రేషన్, రెవెన్యూ, మార్కెటింగ్ శాఖలు ఎంత కొత్త క్లస్టర్ కొన్నా, ఇంకో ఊళ్లో, దాంతో సంబంధం లేని ఒక ప్రతి తప్పక ఉంచాలి. ఏడాదికి ఒకసారైనా ఆ ప్రతి నుంచి సమాచారాన్ని వెనక్కి తీసి చూసి, ఫలితాన్ని ప్రజల ముందు పెట్టాలి. రైతులు కూడా తమ దస్తావేజు, తాజా ఈసీ, అడంగల్ నకళ్లు తీసుకుని ఇంట్లో ఒకచోట, బంధువుల ఇంట్లో మరోచోట దాచుకోవాలి.